ధ పొట్టలో చుక్క

పోయిన మాఘమాసంలో ఆరువందల శుభలేఖల్లో వధూవరుల్ని వథూవరులు చేశాను. టైపు చేసింది నేను కాదు. ప్రూఫు చూసి, అంతా సరిగ్గా ఉందని కింద సంతకం పెట్టింది మాత్రం నేనే. పెళ్ళికూతురి తాతగారు రిటైరైన తెలుగు మాస్టారు. ప్రెస్సుకి ఫోన్ చేసి, ప్రూఫులు చూసేవాళ్ళని పిలవమని, నేను లైన్లోకి రాగానే "ఏమ్మా, ధ పొట్టలో ఆ చుక్క ఎవరు పెట్టారు?" అని అడిగారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

విజయవాడలో పాతికేళ్ళుగా నాది ఇదే పని. పుస్తకాలు, పదో తరగతి గైడ్లు, కరపత్రాలు, సీజనొస్తే శుభలేఖలు. ధకీ థకీ, పకీ ఫకీ, రకీ ఠకీ మధ్య ఉన్న ఆ చుక్కా ఆ గీతా పట్టుకోవడమే నాకు కూడు పెడుతోంది. అలాంటిది ఆ చుక్క నా కళ్ళ ముందే దాటిపోయింది. కారణం నాకు వెంటనే తెలిసింది. ఆ ప్రూఫు నేను అద్దాలు లేకుండా చూశాను. మర్చిపోయి కాదు, ఇక అద్దాలతో పని లేదని నాకు నేను రుజువు చేసుకోవడానికి.

ఈ గోల ఎలా మొదలైందో చెప్పాలి. నలభై మూడో ఏట సూదిలో దారం ఎక్కించడానికి కిటికీ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. నలభై అయిదుకి కాగితాన్ని ఎంత దూరం పట్టుకున్నా చేతులు చాలలేదు. మన భాష దీనికి ఎప్పుడో పేరు పెట్టేసింది, చత్వారం అని. సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు, అందులోంచి వచ్చింది. అంటే జబ్బు పేరులోనే మన వయసు ఉంది. బహుశా అందుకే నాకు ఆ మాట నచ్చలేదు. చిన్నప్పటి నుంచీ సైట్ ఉన్నవాళ్ళకి అద్దాలు ఒంట్లో భాగం. నాబోటి వాళ్ళకి మాత్రం అవి ముసలితనం పంపిన శుభలేఖ.

ఆ టైములో డాలస్ నుంచి మా ఆడపడుచు ఒక యాప్ లింకు పంపింది. "వదినా, ఇది కళ్ళకి కాదు, మెదడుకి ఎక్సర్‌సైజు. మూడు నెలలు చెయ్యి, అద్దాలు తీసేస్తావు" అంది. వారానికి మూడు రోజులు, రోజుకి పావుగంట. బూడిదరంగు తెర మీద అంచులు మసకగా కరిగిపోయే చిన్న చారల మచ్చ ఒకటి క్షణంలో సగం కూడా ఉండకుండా మెరుస్తుంది. పైనా కిందా దానికంటే స్పష్టమైన మచ్చలు రెండు. రెండుసార్లు మెరిస్తే, మధ్య మచ్చ ఏ మెరుపులో ఉందో చెప్పాలి. సరిగ్గా చెప్పేకొద్దీ అది ఇంకా పాలిపోతుంది, ఇంకా చిన్నదవుతుంది. ఆటలా ఉంటుంది కానీ ఆటలో ఉండే సరదా ఉండదు. మొదటి వారం తలనొప్పి. మూడో వారం నుంచి, నిజం చెప్తున్నా, అక్కడ ఏమీ లేదనిపించిన చోట మచ్చ కనిపించసాగింది.

రెండున్నర నెలలకి పొద్దున్న వరండా వెలుగులో పేపరు అద్దాలు లేకుండా చదివాను. హెడ్డింగులే కాదు, లోపలి వార్తలు కూడా. కళ్ళజోడు తీసి సొరుగులో పడేశాను. కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. మా చెల్లెలికి రెండుసార్లు చెప్పాను. ఆ రెండోసారి చెప్పకుండా ఉండాల్సింది. ఆ సంగతి తర్వాత.

అయితే ఆ యాప్ మోసమా? కాదు. కనీసం నా విషయంలో కాదు. ఆ చారల మచ్చల్ని గేబర్ ప్యాచ్‌లు అంటారు. హోలోగ్రఫీ కనిపెట్టినందుకు 1971లో నోబెల్ బహుమతి పొందిన డెనిస్ గేబర్ పేరు మీద వచ్చిన మాట అది. మెదడు వెనక భాగంలో చూపు ముందుగా చేరే చోట ఉండే కణాల్లో చాలావాటికి నిలువు, అడ్డం, ఏటవాలు గీతలంటే ఇష్టం. ఒక్కో కణం ఒక్కో వాలుకి పలుకుతుంది. ఈ మచ్చలు సరిగ్గా ఆ కణాలకి కావలసిన మేత. ఇజ్రాయెల్‌కి చెందిన యూరీ పోలాట్, ఆయనతో పనిచేసేవాళ్ళూ చత్వారం వచ్చినవాళ్ళకి ఇలాంటి శిక్షణే ఇచ్చి 2012లో ఫలితాలు ప్రచురించారు. శిక్షణ తర్వాత వాళ్ళు ఇంతకుముందు చదవలేని చిన్న అక్షరాలు చదవగలిగారు. దానికంటే ఆసక్తిగా ఉన్న సంగతి ఇంకొకటి ఉంది. వాళ్ళ కళ్ళని కూడా కొలిచారు. కటకం వంగే శక్తి పెరగలేదు. కంటిపాప సైజు మారలేదు. కన్ను ఎక్కడ ఉందో అక్కడే ఉంది. మారింది మెదడు. (పోలాట్‌కి ఆ శిక్షణని అమ్మే కంపెనీతో సంబంధం ఉందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అంతమాత్రాన ఫలితం అబద్ధమని కాదు. ఎవరి కొట్టు ముందు నిలబడి వింటున్నామో తెలిసి ఉండాలి, అంతే.)

కన్ను మారకపోవడం ఎందుకు ముఖ్యమంటే, చత్వారం పూర్తిగా కంటిలో జరిగే పని. మన కంటి కటకం పుట్టినప్పటి నుంచీ పెరుగుతూనే ఉంటుంది, గట్టిపడుతూనే ఉంటుంది. పదేళ్ళ పిల్ల తన కటకాన్ని సుమారు 12 డయాప్టర్ల (కటకం శక్తిని కొలిచే లెక్క అది) దాకా వంచగలదు. అందుకే పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదువుతుంది. నలభై దాటేసరికి 4, 5 మిగులుతాయి. అరవైకి ఒకటి మిగిలితే గొప్ప. 40 సెంటీమీటర్ల దూరంలో కాగితం చదవడానికి రెండున్నర కావాలి. ఉన్న శక్తినంతా ఎంతసేపని బిగబట్టి ఉంచగలం? కనక అంకెలు ఎక్కడో ఒకచోట తెగుతాయి. కన్ను అటూ ఇటూ తిప్పినా, చేతులు రుద్దుకుని కళ్ళ మీద పెట్టుకున్నా గట్టిపడ్డ కటకం మళ్ళీ మెత్తబడదు.

మరి నేను పేపరు ఎలా చదివాను?

ఒక చిన్న పని చేసి చూడండి. ఎడమ కన్ను మూసి, రెండు బొటనవేళ్ళూ చేయి చాచినంత దూరంలో పక్కపక్కన పెట్టండి. కుడి కంటితో ఎడమ బొటనవేలినే చూస్తూ, చూపు కదపకుండా, కుడి వేలిని మెల్లగా కుడివైపుకి జరపండి. జానెడు లోపే ఒకచోట ఆ వేలి కొన మాయమవుతుంది. కంటి నరం బయటికి వెళ్ళే చోట మనకి చూపు లేదు. అక్కడొక గుడ్డి మచ్చ ఉంది, పుట్టినప్పటి నుంచీ ఉంది. మరి లోకంలో రంధ్రం కనపడదేం? మెదడు చుట్టుపక్కల గోడ రంగు తీసుకొచ్చి అక్కడ పూసేస్తుంది. మనని అడగదు, పూశానని చెప్పదు.

చదవడంలోనూ ఇదే చేస్తుంది. "ముఖ్యమంత్రి" అన్న మాటని నేను లక్షసార్లు చూసి ఉంటాను. మసకలో ఆ మాట ఆకారం లీలగా తెలిస్తే చాలు, మిగతా గీతలన్నీ మెదడు తనే గీసుకుంటుంది. శిక్షణ వల్ల నాకు దొరికినవి రెండు. మసకలోంచి గీతల్ని ఏరుకునే నేర్పు నిజంగానే పెరిగింది. దాన్ని ఉత్త ఊహ అనడం అన్యాయం, ఎందుకంటే యాప్‌లోని మచ్చలకి ఏ అర్థమూ లేదు, ఊహించడానికి ఏమీ లేదు. ఆ నేర్పు పెరిగాక, మిగతా ఖాళీలు పూడ్చడానికి నలభై ఏళ్ళ చదువు అందుకుంది. రెండూ కలిస్తే పేపరు చదవడం వచ్చింది. కాకపోతే పూడ్చడం అనేది ప్రూఫులు చూసేవాళ్ళకి పాపం. నా జీతం నా మెదడు పూడ్చకుండా ఆపినందుకే ఇస్తారు. "వధూవరులను ఆశీర్వదించి" అని అక్కడ ఉండాలి కాబట్టి నాకు అదే కనిపించింది. చిన్న సైజు అక్షరంలో ఆ చుక్క మసకలో పక్క గీతతో కలిసిపోతే, ఎంత శిక్షణ పొందిన మెదడుకైనా అక్కడ ఏరుకోవడానికి ఏమీ మిగలదు.

తాతగారి ఫోన్ వచ్చిన మర్నాడు ఒక పరీక్ష పెట్టుకున్నాను. మా డీటీపీ కుర్రాడితో ఒకే సైజులో రెండు కాగితాలు కొట్టించాను. ఒకదానిలో మామూలు వార్త. రెండోదానిలో వంద అక్షరాలు, వరసా వావీ లేకుండా. అద్దాలు లేకుండా మొదటిది గడగడా చదివేశాను. రెండోదానిలో ముప్ఫై ఒకటి తప్పు చెప్పాను. అద్దాలు పెట్టుకుంటే రెండు. కుర్రాడు మర్యాదకి నవ్వలేదు.

ఇంట్లో కూర్చుని చార్టు చూసుకుని "నా సైట్ తగ్గింది" అనే వాళ్ళందరికీ ఈ పరీక్ష చెయ్యాలని ఉంది. మొదటిసారి చూసిన చార్టు పదోసారికి నోటికి వచ్చేస్తుంది. ఈ కథ కొత్తది కాదు. న్యూయార్క్‌లో కళ్ళ డాక్టరుగా ఉన్న విలియం బేట్స్ 1920లో ఒక పుస్తకం వేసి, చూపు తగ్గడానికి కారణం కటకం కాదు, కంటి చుట్టూ ఉన్న కండరాల టెన్షన్ అన్నాడు. కన్ను దగ్గరకీ దూరానికీ సర్దుకునేటప్పుడు కటకమే వంగుతుందని అప్పటికి అర్ధ శతాబ్దం ముందే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ చూపించేశాడు. బేట్స్ పట్టించుకోలేదు. అరచేతులతో కళ్ళు మూసుకోవడం, ఊగడం, ఎండవైపు చూడడం ఆయన మందులు. మొదటి రెండింటితో ప్రమాదమేమీ లేదు, కాసేపు విశ్రాంతి. మూడోది మాత్రం చెయ్యకండి. సూర్యుణ్ణి నేరుగా చూస్తే రెటీనా మధ్యలో కాలిన మచ్చ పడుతుంది, అది కొందరికి పూర్తిగా పోదు. పొద్దున్నే లేత సూర్యుణ్ణి రెప్పవేయకుండా చూడమని చెప్పే వీడియోలు తెలుగులో కూడా ఇప్పుడు కావలసినన్ని ఉన్నాయి.

బేట్స్ భక్తుల్లో పెద్దవాడు ఇంగ్లీషు రచయిత ఆల్డస్ హక్స్‌లీ. పదహారేళ్ళప్పుడు కంటి జబ్బు చేసి దాదాపు చూపు పోగొట్టుకున్నాడు. ఈ పద్ధతితో బాగుపడ్డానని 1942లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పదేళ్ళ తర్వాత ఒక విందులో ఆయన అద్దాలు లేకుండా కాగితం పట్టుకుని ఉపన్యాసం చదవడం ప్రచురణకర్త బెనెట్ సెర్ఫ్ చూశాడు. మధ్యలో ఒకచోట తడబడ్డాడట. కాగితం ముఖానికి దగ్గరగా, ఇంకా దగ్గరగా తెచ్చుకుని, చివరికి జేబులోంచి భూతద్దం తీశాడట. అప్పటిదాకా చదవలేదు, కంఠస్థం చేసిన ఉపన్యాసం ఒప్పజెప్పాడు. ఇది విని నవ్వేవాళ్ళుంటారు. నాకు నవ్వు రాలేదు. ఆ భూతద్దం ఆయన జేబులో ఉన్నట్టే నా కళ్ళజోడు నా సొరుగులో ఉంది.

అమ్మేవాళ్ళు ఏం చేస్తారంటే, చిన్న నిజాన్ని తీసుకుని పెద్ద సంచిలో పెట్టి అమ్ముతారు. 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌లో బేస్‌బాల్ ఆటగాళ్ళకి ఇలాంటి యాప్‌తోనే శిక్షణ ఇస్తే చూపు మెరుగుపడిందని పేపర్ వచ్చింది. ఆ యాప్ పేరు అల్టిమ్‌ఐస్. మరుసటి ఏడాది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీని పట్టుకుంది. అందరి చూపూ మెరుగవుతుంది, అద్దాల అవసరం తగ్గుతుంది, అది శాస్త్రం రుజువు చేసింది అని ప్రకటించడానికి తగిన ఆధారం లేదని, ఆధారంగా చూపిన పరిశోధన చేసినవాళ్ళలో ఒకడు కంపెనీ యజమానుల్లో ఒకడేనన్న సంగతి కొనేవాళ్ళకి చెప్పలేదని దాని అభియోగం. కంపెనీ 1,50,000 డాలర్లు కట్టి బయటపడింది. మన దేశంలో 2024లో చత్వారానికి కంటి చుక్కల మందొకటి అనుమతి తెచ్చుకుంది. అది కంటిపాపని చిన్నది చేసి, సూదిబెజ్జంలోంచి చూసినట్టు కాసేపు దగ్గరి చూపు తేటపరుస్తుంది. అందులో వింతేమీ లేదు. పావుగంటలో రీడింగ్ గ్లాసెస్ అక్కర్లేకుండా పోతాయన్న ప్రచారం మొదలయ్యేసరికి కొద్ది రోజుల్లోనే కేంద్రం ఆ అనుమతిని ఆపేసింది. యాప్ అయినా చుక్కలైనా పాట ఒక్కటే: అద్దాలు తీసేయండి.

మనకి అద్దాల మీద ఎందుకింత కోపం? కంటికి ఊతకర్రలు అనుకుంటాం. పెట్టుకుంటే అలవాటై పవర్ పెరుగుతుందని భయపడతాం. చత్వారం పవర్ అద్దాలు పెట్టుకున్నా పెరుగుతుంది, పెట్టుకోకపోయినా పెరుగుతుంది. పెరిగేది వయసు. ఇక "మా తాతకి ఎనభై ఏళ్ళొచ్చినా అద్దాల్లేవు, పొన్నగంటి కూర తినేవాడు" అనే కథలు. ప్రతి ఇంట్లో ఒక తాత ఉంటాడు. మా ఇంట్లో అమ్మమ్మ. డెబ్బై దాటాక అకస్మాత్తుగా అద్దాలు తీసేసి భాగవతం చదవడం మొదలుపెట్టింది. పోయిన కంటిని తెచ్చే కూర కాబట్టే దానికి ఆ పేరని ఊరంతా చెప్పుకున్నారు. రెండేళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయింది. శుక్లం ముదిరేటప్పుడు కొందరికి కటకం మధ్యభాగం గట్టిపడి కన్ను కాస్త మైనస్‌లోకి జారుతుంది. దాంతో దూరం మసకబారి దగ్గరిది తేటపడుతుంది. అమ్మమ్మకి వచ్చింది కొత్త చూపు కాదు, శుక్లం. ఒక కంటికి కాస్త మైనస్ ఉండి రెండో కన్ను మామూలుగా ఉన్న తాతలూ ఉంటారు. ఒకదానితో పేపరు, రెండోదానితో బస్సు నంబరు. ఆయన అదృష్టం ఆ తేడాలో ఉంది, ఆకుకూరలో కాదు. పొన్నగంటి కూర తినండి, మంచిది. విటమిన్ ఎ తగ్గి రేచీకటి వచ్చినవాళ్ళకి ఆకుకూరలు నిజంగానే పనికొస్తాయి. సైట్‌కి మాత్రం కాదు.

చేతిపని చేసుకునే వాళ్ళకి కళ్ళజోడు ఎంత పనిచేస్తుందో కొలిచినవాళ్ళు ఉన్నారు. అస్సాం టీ తోటల్లో నలభై దాటిన 751 మంది కూలీల మీద జరిగిన అధ్యయనం 2018లో వచ్చింది. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవాళ్ళ ఆకు కోత, ఇవ్వనివాళ్ళతో పోలిస్తే సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైనప్పుడు ఊరూరా క్యాంపులు పెట్టి లక్షల మందికి ఉచితంగా రీడింగ్ గ్లాసెస్ ఇచ్చారు. మరుసటి ఏడాది ఆంధ్రలో కూడా అదే పేరుతో వచ్చింది. బీడీలు చుట్టే, జాకెట్లు కుట్టే, బియ్యంలో రాళ్ళు ఏరే మనిషికి మూడు నెలల యాప్ శిక్షణ ఎవరిస్తారు? రెండొందల రూపాయల అద్దాలు ఆ సాయంత్రానికే పని చేస్తాయి. ఇన్ని తెలిసీ నేను సొరుగు తెరవలేదు. కడుపు నిండినవాళ్ళకే ఇలాంటి పంతాలు.

శుభలేఖల గొడవతోనే నా పంతం తగ్గి ఉండేది. పూర్తిగా పోయింది మాత్రం మా చెల్లెలి వల్ల.

దాని కూతురికి అప్పుడు అయిదున్నర. బడిలో కళ్ళు పరీక్ష చేసి, ఎడమ కన్ను సరిగా కనపడడం లేదు, డాక్టరుకి చూపించమని చీటీ పంపారు. కుడి కన్ను బాగానే ఉంది, అందుకే ఇంట్లో ఎవరికీ తెలియలేదు. పాప పరిగెత్తుతుంది, బొమ్మలేస్తుంది, టీవీ చూస్తుంది. ఎడమ కంటికి ప్లస్ 4.5 ఉంది, చార్టులో 6/36. అంటే మామూలు కన్ను 36 మీటర్ల నుంచి చదివేదాన్ని ఆ కన్ను 6 మీటర్ల నుంచి గానీ చదవలేదు. మెల్లకన్ను లేదు, నొప్పి లేదు. డాక్టరు అద్దాలు రాశారు. చెల్లెలి అత్తగారు "ఆడపిల్లకి ఇప్పటి నుంచే సోడాబుడ్డి అద్దాలా, రేపు సంబంధాలు ఎలా వస్తాయి" అని కూర్చున్నారు. చెల్లెలు నాకు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు ఆ యాప్‌తో అద్దాలు తీసేశావు కదా. పాపకి కూడా అది పెడితే? మెదడుకి నేర్పిస్తే చాలు కదా, ఎందుకు అద్దాలు?"

నా నోటి మాటే. నేనే రెండుసార్లు చెప్పిన మాట.

మర్నాడు నేను కూడా వాళ్ళతో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చెప్పింది విన్నాక తెలిసింది, నేను తలకిందులుగా అర్థం చేసుకున్నానని. పాప జబ్బు నిజంగానే మెదడుది. దాన్ని సోమరి కన్ను అంటారు కానీ కన్ను సోమరి కాదు. ఎడమ కన్ను పుట్టినప్పటి నుంచీ మసక బొమ్మే పంపుతోంది. పక్కన కుడి కన్ను శుభ్రమైన బొమ్మ పంపుతోంది. మెదడు తెలివైనది, మసకదాన్ని వినడం మానేసింది. 1960ల్లో డేవిడ్ హ్యూబెల్, టార్స్టెన్ వీజల్ పిల్లికూనలకి ఒక కంటి రెప్ప కుట్టేసి చూశారు. కొన్ని నెలల తర్వాత కుట్లు విప్పితే కన్ను ఆరోగ్యంగానే ఉంది, మెదడులో ఆ కంటికి పలికే కణాలే దాదాపు మిగల్లేదు. ఆ చోటంతా రెండో కన్ను ఆక్రమించుకుంది. పెద్ద పిల్లికి అదే చేస్తే అలా జరగలేదు. 1981లో వాళ్ళకి నోబెల్ వచ్చింది. అంటే మెదడు చూడడం నేర్చుకునే కాలం ఒకటుంది. ఆ కాలంలో దానికి శుభ్రమైన బొమ్మ అందాలి. పాపకి ఆ బొమ్మని అందించేవి అద్దాలు. ఆ వయసులో మెదడుకి శిక్షణ ఇచ్చే పరికరం కళ్ళజోడే. అది తీసేసి మెదడుకి నేర్పిస్తామనడం, పలక లాక్కుని అక్షరాలు దిద్దమన్నట్టు ఉంటుంది.

అప్పుడు నా సంగతి కూడా అర్థమైంది. నా యాప్ పనిచేసింది ఎందుకంటే, నలభై ఏళ్ళ పాటు నా కళ్ళు తేట బొమ్మలు పంపాయి. ప్రతి అక్షరం ఎలా ఉంటుందో మెదడులో అచ్చు పడి ఉంది. మసక వచ్చినప్పుడు ఆ అచ్చు తీసి పోల్చుకుంటున్నాను. పాప దగ్గర ఆ కంటికి అచ్చే లేదు. ఎంఐటీ శాస్త్రవేత్త పవన్ సిన్హా ప్రాజెక్ట్ ప్రకాశ్ పేరుతో మన దేశంలో పుట్టుకతో శుక్లాలున్న పిల్లలకి ఆపరేషన్లు చేయించి, ఆ తర్వాత చూపు ఎలా ఏర్పడుతుందో గమనిస్తున్నారు. అప్పటిదాకా చేత్తో తడిమి గుర్తుపట్టిన వస్తువుని, చూపు రాగానే కంటితో గుర్తుపట్టగలరా? పట్టలేరని 2011లో వాళ్ళు ప్రచురించారు. కన్ను తెరుచుకుంది, మెదడుకి ఇంకా భాష రాలేదు. కొద్ది రోజుల్లో కాస్త నేర్చుకున్నారు. నేర్చుకోవడానికి ముందు బొమ్మ రావాలి.

పెద్దయ్యాక మెదడు నేర్చుకోదని కూడా అనను. అమెరికాలో సూసన్ బారీ అనే న్యూరోబయాలజీ ప్రొఫెసర్‌కి పసితనం నుంచీ మెల్లకన్ను. రెండు కళ్ళూ కలిపి లోతు చూడడం ఆవిడకి తెలియదు. 48వ ఏట వచ్చింది. ఒక తాడుకి రంగు పూసలు గుచ్చి, ఒక్కో పూస మీద రెండు కళ్ళూ కలిపే వ్యాయామం నెలల తరబడి చేసింది. ఆవిడ కథని వ్యాయామాల ప్రచారానికి వాడుకునేవాళ్ళు ఒక ముక్క వదిలేస్తారు. రెండు కళ్ళ బొమ్మల్నీ ఒకచోటికి తేవడానికి ఆవిడ అద్దాల్లో ప్రిజం, అంటే వెలుతురుని పక్కకి వంచే గాజు, పెట్టారు. ఆవిడ అద్దాలు తీసేసి నేర్చుకోలేదు, పెట్టుకుని నేర్చుకుంది.

దూరపు చూపు తగ్గిన పిల్లల విషయంలోనూ ఒక మాట. వాళ్ళకి కనుగుడ్డు పొడవు పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరు పెరిగితే రెండున్నర దాకా మైనస్. పొడవైన కనుగుడ్డుని ఏ ఆటా కురచ చెయ్యదు. అద్దాలకి అలవాటు పడకూడదని కావాలనే తక్కువ పవర్ ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటి మలేషియా నుంచి 2002లో వచ్చింది. ఆ పిల్లలకి మైనస్ తగ్గలేదు, సరైన పవర్ పెట్టుకున్నవాళ్ళ కంటే కాస్త వేగంగా పెరిగింది. పిల్లలకి మేలు చేసేది రోజూ ఓ రెండు గంటలు ఆరుబయట వెలుగులో ఆడుకోవడం. అది యాప్ కాదు కాబట్టి ఎవరూ అమ్మరు. ట్యూషన్ల మధ్య ఆ రెండు గంటలు ఎక్కడ దొరుకుతాయో చెప్పేవాళ్ళూ లేరు.

పాపకి మొదట మూడు నెలలు అద్దాలు మాత్రమే. అంతకే ఎడమ కన్ను 6/24కి వచ్చింది. తర్వాత రోజుకి రెండు గంటలు కుడి కంటికి ప్యాచ్, అంటే కన్ను మూసే పట్టీ. మొదటి వారం ఏడ్చి ఇల్లు పీకి పందిరేసింది. బాగున్న కన్ను మూసి బాగాలేని కంటితో చూడమంటే ఎవరికైనా ఏడుపే. ప్యాచ్ మీద రోజుకో స్టిక్కర్ అంటించే ఏర్పాటు చేశాక కాస్త నయం. అత్తగారు ఇప్పటికీ కోడలు వినేలా పొన్నగంటి కూర వండుతారు. వండనీ.

నేను యాప్ తీసెయ్యలేదు. వారానికి ఓసారి చేస్తాను, మెనూ కార్డుకీ, మందుల కొట్టులో బిల్లుకీ, వాట్సాప్‌కీ అది ఇచ్చిన నేర్పు చాలు. వెలుగు బాగుంటే పేపరుకి కూడా. ప్రూఫులకి మాత్రం ప్లస్ 2 పెట్టుకుని, కింది లైన్లు కనపడకుండా స్కేలు అడ్డం పెట్టి, ఒక్కోసారి మాటల్ని వెనక నుంచి ముందుకి చదువుతాను. అర్థం దొరక్కపోతే మెదడు పూడ్చలేదు. ఆ శుభలేఖలు మళ్ళీ వేయించిన ఖర్చు నా జీతంలోంచి మూడు నెలలు కోసుకున్నారు.

పోయిన ఆదివారం పాప మా ఇంటికొచ్చింది, ప్యాచ్ టైములో. ఇప్పుడు ఎడమ కన్ను 6/12. నా ప్రూఫుల కట్టలోంచి పెద్ద అక్షరాలున్న కాగితం లాగి, "చదవమంటావా పెద్దమ్మా" అంది. ప చదివింది. వ చదివింది. ధ దగ్గర ఆగి, కాగితం దగ్గరికి తెచ్చుకుని, కింద గీత మీద వేలు పెట్టి చూసి, "ఒత్తుంది" అంది. ఆ తర్వాతి అక్షరం థ. దాన్ని కూడా ధ అనే చదివింది. నేనేం అనలేదు. చార్టులో ఇంకా రెండు మూడు లైన్లున్నాయి.